పుప్పొడి అలర్జీతో బయట పరుగు: మందు, దారి, వేళ, మాస్కు... ముందు దేన్ని సరిచేసుకోవాలి?

ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ నడుమెత్తు పెరిగి తెల్లగా పూస్తుంది. పుప్పొడి పడనివాళ్లు ఆ రోజుల్లో పరుగుకు వెళ్లొస్తే పూటంతా తుమ్ములు, కళ్ల దురద. రాత్రి ముక్కు దిబ్బడతో నిద్ర ఉండదు. అప్పుడు చాలామంది ముందు ఒక మాస్కు కొంటారు, తర్వాత వేళ మారుస్తారు, మెడికల్ షాపులో అడిగి ఏదో మాత్ర వేసుకుంటారు. అయినా తగ్గకపోతే పరుగే మానేస్తారు. అలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది వీటిలో ఏదీ కాదు. అది రోజూ తప్పకుండా వాడే ముక్కు స్ప్రే. దాని తర్వాత పరిగెత్తే దారి, ఆపై వేళ, చివరికి మాస్కు. డబ్బు, శ్రమ ఈ వరసలో పెడితే సీజన్‌లో కూడా బయట పరిగెత్తవచ్చు.

పరుగులో అలర్జీ ఎందుకు ముదురుతుందో తెలిస్తే ఈ వరస ఎందుకో అర్థమవుతుంది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా పరిగెత్తేటప్పుడు అది 60 నుంచి 100 లీటర్ల దాకా వెళ్తుంది. వేగం పెరిగితే ముక్కు ఒక్కటే చాలదు, నోరు తెరుస్తాం. అసలే దిబ్బడ వేసిన ముక్కయితే మొదటి అడుగు నుంచే నోటితో పీలుస్తాం. ముక్కు వడకట్టి, తడిపి, వెచ్చబరచి పంపాల్సిన గాలి పొడిగా, పుప్పొడితో సహా ఛాతీలోకి దిగుతుంది. అందుకే ముక్కును తెరిచి ఉంచడమే మొదటి పని.

ముక్కా, ఛాతీనా: ముందు ఇది తేల్చుకోండి

పరుగు ఆపిన ఐదు పది నిమిషాలకు పొడి దగ్గు తెరలుగా రావడం, ఛాతీ పట్టేసినట్టు ఉండడం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపించడం ఉంటే అది ముక్కుతో ఆగిన అలర్జీ కాదు. స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోవాలి. ఇన్‌హేలర్ పీల్చక ముందు ఒకసారి, పీల్చాక ఒకసారి ఊదించి తేడా చూస్తారు. ఆస్తమా అని తేలితే సాధారణంగా ఊపిరితిత్తుల వాపు తగ్గించే ఇన్‌హేలర్ రోజూ వాడమంటారు. పరుగుకు ఓ పావుగంట ముందు సాల్‌బుటమాల్ 100 మైక్రోగ్రాములది రెండు పఫ్‌లు పీల్చమని చెప్పడం కూడా మామూలే. ఆ రెండు పఫ్‌లు ప్రతిరోజూ అవసరమవుతున్నాయంటే అసలు జబ్బు అదుపులో లేదని అర్థం, మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇన్‌హేలర్ మొదలుపెడితే అలవాటైపోతుందన్న భయం మన ఇళ్లలో ఇంకా బలంగా ఉంది. అది వ్యసనం కాదు. మింగే మందుకన్నా ఎంతో తక్కువ మోతాదు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. ఈ భయంతో ఇన్‌హేలర్ మానేసి పరిగెత్తడమే అసలు ప్రమాదం.

ఛాతీ ఇబ్బంది ఉన్నవాళ్లకు వార్మప్ చాలా ముఖ్యం. పది పదిహేను నిమిషాలు నడక, నెమ్మది పరుగు, మధ్యలో కొన్ని 20-30 సెకన్ల చురుకైన పరుగులు పెట్టుకుంటే ఆ తర్వాత కొంతసేపు గాలిగొట్టాలు అంత తేలిగ్గా బిగుసుకోవు.

మందుల్లో ఏది

కింద చెప్పేవి మందుల అసలు పేర్లు. డబ్బా మీద బ్రాండు కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. మోతాదులు పెద్దవాళ్లకు సాధారణంగా వాడేవి. గర్భిణులు, పిల్లలు, గ్లకోమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

స్టీరాయిడ్ ముక్కు స్ప్రేలు, అంటే ఫ్లుటికసోన్, మొమెటసోన్ లాంటివి, తుమ్ములు, కారడం, దురద, దిబ్బడ నాలుగింటి మీదా పనిచేస్తాయి. మాత్రలకు దిబ్బడ మీద అంత పట్టు లేదు. ఫ్లుటికసోన్ ప్రొపియనేట్ 50 మైక్రోగ్రాములదైతే ఒక్కో రంధ్రంలో రెండు స్ప్రేలు, రోజుకు ఒకసారి. అదుపులోకి వచ్చాక ఒక్కటి. పూర్తి ఫలితం రావడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. అందుకే తుమ్ములు మొదలయ్యాక కాదు, మీ సీజన్‌కు రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. "వాడి చూశాను, పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామంది మూడు నాలుగు రోజులకే ఆపేసి ఉంటారు, లేదా కొట్టుకునే తీరు తప్పు.

ఆ తీరు చూడండి. కొత్త సీసా అయితే తుంపర సమంగా వచ్చేదాకా గాల్లోకి కొన్నిసార్లు నొక్కాలి. ముందు ముక్కు చీదుకోవాలి. తల వెనక్కి వాల్చకూడదు, కాస్త ముందుకు వంచాలి. ఎడమ రంధ్రానికి కుడి చేయి, కుడి రంధ్రానికి ఎడమ చేయి వాడితే గొట్టం మొన దానంతటదే చెవివైపు తిరుగుతుంది. ముక్కు మధ్య గోడకు తగిలేలా కొడితే అక్కడ పొర ఎండి రక్తం వస్తుంది. కొట్టాక గట్టిగా ఎగపీల్చకూడదు. మందు రుచి గొంతులో తగిలిందంటే అది ముక్కులో నిలవలేదన్నమాట.

స్ప్రే ఒక్కటే చాలకపోతే, స్టీరాయిడ్‌తో పాటు అజెలాస్టిన్ అనే అలర్జీ మందు కలిసిన స్ప్రే ఉంది. అది పదిహేను నిమిషాల నుంచి అరగంటలోపే పని మొదలుపెడుతుంది. గొంతులోకి జారితే చేదుగా ఉంటుంది. మాత్ర కలపడంకన్నా ఈ జంట స్ప్రేకు మారడమే తీవ్రమైన అలర్జీకి మేలైన ఎంపిక అని మా అభిప్రాయం.

మాత్రల్లో పరిగెత్తేవాళ్లకు ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ ముందు వరసలో ఉంటాయి, ఇవి మత్తు కలిగించడం అరుదు. ఫెక్సోఫెనడిన్ 120 లేదా 180 మిల్లీగ్రాములు మంచినీళ్లతోనే వేసుకోవాలి. నారింజ, యాపిల్ లాంటి పండ్ల రసంతో వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. పరుగు అయ్యాక పార్కు గేటు దగ్గర జ్యూస్ తాగుతూ మాత్ర వేసుకునే అలవాటు మానుకోవాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులకు, దీనికి మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. బిలాస్టిన్ 20 మిల్లీగ్రాములు పరగడుపున వేసుకోవాలి. తిన్న రెండు గంటల తర్వాత వేసుకున్నా ఫర్వాలేదు. వేసుకున్నాక గంటదాకా ఏమీ తినకూడదు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ చవక, బాగానే పనిచేస్తాయి, కానీ కొందరిని మగతలో ముంచుతాయి. రాత్రి పడుకునేముందు వేసుకుని ఉదయం ఎలా ఉందో చూసుకోండి.

అవిల్‌గా దొరికే ఫెనిరమిన్, చాలా జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ పరుగుకు పనికిరావు. మత్తు, నోరెండడం ఒక ఎత్తయితే, ఇవి చెమట పట్టడాన్ని కూడా తగ్గిస్తాయి. ఎండలో పరిగెత్తే మనిషికి ఒళ్లు చల్లబడే దారి మూసినట్టే. ఆ జలుబు మాత్రల్లోనే ఫినైలెఫ్రిన్ లాంటివి కూడా కలుపుతారు, అవి బీపీ పెంచగలవు.

మన దగ్గర చీటీల మీద ఎక్కువగా కనిపించేది లెవోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో నిద్ర చెడడం, పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు వస్తాయని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో తన అతి తీవ్రమైన హెచ్చరిక జోడించింది. ముక్కు అలర్జీ మాత్రమే ఉన్నవాళ్లు వేరే మందులు సరిపోనప్పుడే దీన్ని వాడాలని కూడా చెప్పింది. కాబట్టి షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర కాదిది.

రెండింటి జోలికి అసలు వెళ్లొద్దు. ఒకటి, జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు అదేపనిగా వేసుకోవడం. నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది కాబట్టి పరుగుకు ముందు రోజూ వేసుకోవాలనిపిస్తుంది. మూడు నుంచి ఐదు రోజులు దాటితే చుక్క వేయందే ముక్కు తెరుచుకోని స్థితి వస్తుంది. రెండు, "ఒక్క ఇంజెక్షన్‌తో సీజనంతా హాయి" అని ఆర్‌ఎంపీలు వేసే దీర్ఘకాల స్టీరాయిడ్ సూది, వాళ్లిచ్చే బీటామెథసోన్, డెక్సామెథసోన్ మాత్రలు. హాయి నిజమే. కానీ షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ఒంటి సొంత స్టీరాయిడ్ తయారీ అణగిపోతుంది. పోటీల్లో పరిగెత్తేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. డోపింగ్ నిబంధనల ప్రకారం మింగే స్టీరాయిడ్లు, 2022 నుంచి ఏ రకం స్టీరాయిడ్ ఇంజెక్షనైనా పోటీ సమయంలో నిషిద్ధం. మోతాదు మించనంతవరకు ముక్కు స్ప్రేకు అనుమతి ఉంది.

కళ్లకు ఒలోపటడిన్ చుక్కలు మంచివి. వేసుకున్నాక కనీసం పది నిమిషాలు ఆగి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవాలి, సీజన్‌లో లెన్సుల బదులు కళ్లద్దాలైతే ఇంకా నయం. షాపులో చేతికిచ్చే స్టీరాయిడ్ కంటి చుక్కలు వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి చూపుకే మోసం రావచ్చు.

దారి

వేళకన్నా దారిని ముందు పెట్టడానికి కారణం వయ్యారిభామే. దాని పుప్పొడి ఎక్కువగా ముద్దలుగా రాలుతుంది, మొక్క దగ్గర్లోనే దట్టంగా ఉంటుంది. పూసిన ప్లాట్ల మధ్య సన్నటి కాలనీ రోడ్డుకూ, అక్కడికి కొంత దూరంలోని తెరిపి చోటుకూ తేడా చాలా ఉంటుంది. గరిక, ఇతర గడ్డి పుప్పొడి ఇంకా దూరం ఎగురుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు మామూలుగా దొరికే దారులు నాలుగు రకాలు. స్టేడియం ట్రాక్ మొదటిది. గచ్చిబౌలి లాంటి చోట సింథటిక్ ట్రాక్ మీద అడుగుల కింద గడ్డి, దుమ్ము ఉండవు. మధ్యలో పచ్చిక కోసిన రోజు, ఆ మర్నాడు మాత్రం వెళ్లొద్దు. రెండోది నెక్లెస్ రోడ్ లాంటి చెరువు గట్టు. నీటివైపు నుంచి గాలి వీస్తే బాగుంటుంది, తెల్లవారుజామున వాహనాలు తక్కువ. మూడోది కేబీఆర్ పార్కు, యూనివర్సిటీ క్యాంపస్‌ల లాంటి చెట్లు, పొదలున్న చోట్లు. నీడ, మెత్తటి నేల బాగుంటాయి కానీ గడ్డి అలర్జీ ఉన్నవాళ్లకు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఇవే చేటు. మండు వేసవిలో గడ్డి ఎండిపోయాక మళ్లీ ఇవే హాయి. నాలుగోది కాలనీ వీధులు, సర్వీసు రోడ్లు. అన్నిటికన్నా కష్టపెట్టేవి ఇవే, కానీ ఎక్కువమంది పరిగెత్తేదీ ఇక్కడే. తప్పదనుకుంటే దారి మొత్తం ఒకసారి నడిచి, వయ్యారిభామ పొదలున్న వైపు ఏదో చూసుకుని రెండో వైపు పరిగెత్తండి. ఆ మొక్కను వట్టి చేతులతో పీకొద్దు.

డివైడర్ల మీద ముదురాకుపచ్చ గోడలా పెంచిన కోనోకార్పస్ సంగతి కూడా చెప్పాలి. గాలి ద్వారా పుప్పొడి వెదజల్లే మొక్క అది. ఆరోగ్యం, పర్యావరణ కారణాలతో 2023లో గుజరాత్ దాన్ని నాటడం నిషేధించింది. అది పూత మీద ఉన్నప్పుడు ఆ రోడ్డు వదిలేయడం తెలివైన పని. నెమలినార చెట్టు ఆకు రాల్చి జనవరి-మార్చి మధ్య పూస్తుంది, సర్కారు తుమ్మ ఎండాకాలం మొదట్లో. శీతాకాలం చివర్లో తుమ్ములు మొదలయ్యేవాళ్లు గడ్డిని కాక ఈ చెట్లను అనుమానించాలి.

విశాఖలో లెక్క వేరు. బీచ్ రోడ్డు అంటే ఎప్పుడూ సముద్రపు గాలే అనుకుంటాం. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, ఊళ్లోని పుప్పొడిని మోసుకొస్తుంది. సముద్రపు గాలి మొదలయ్యేది పొద్దెక్కాకే, సాయంత్రం దాకా ఉంటుంది. కాబట్టి బీచ్‌లో అలర్జీకి మంచి వేళ సాయంత్రం ఐదారు గంటలు. ఉదయం బీచ్ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వని సౌకర్యం వదులుకోవడం బాధే, కానీ తీవ్రంగా ఉన్న వారాల్లో ఆ మార్పు ఫలితమిస్తుంది. అక్టోబరు నుంచి ఘాటైన వాసనతో పూసే ఏడాకులపాల చెట్ల వరస కింద మాత్రం ఏ వేళా పరిగెత్తొద్దు. ఆ వాసన ఒక్కటే కొందరికి ఊపిరి ఆడనివ్వదు.

వేళ

గడ్డి, కలుపు మొక్కల పుప్పొడి మంచు ఆరి ఎండ తగిలాక గాల్లోకి లేస్తుంది. వానాకాలం చివర్లో తెల్లవారుజాము నుంచి ఆరున్నర లోపు ముగించడం మంచిది. ఎనిమిది నుంచి పదకొండు మధ్య వేళ అన్నిటికన్నా చెడ్డది. సాయంత్రం గాలి చల్లబడేకొద్దీ పైకి లేచిన పుప్పొడి కిందికి దిగుతుంది, దానికి ట్రాఫిక్ పొగ తోడవుతుంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పొగమంచు కింద వాహనాల పొగ, తగలబెట్టిన ఆకుల పొగ నిలిచి ఉంటాయి. అప్పుడు కాస్త ఎండ వచ్చాక వెళ్లడం నయం.

ఫోన్‌లో ఏక్యూఐ పచ్చగా ఉంది కదా అని బయల్దేరేవాళ్లు చాలామంది. ఏక్యూఐ పొగను, సన్నటి దుమ్మును, కొన్ని వాయువులను కొలుస్తుంది. పుప్పొడి అందులో లేదు. రెండు వారాలు ఒకే దారిలో, ఒకే వేగంతో, ఒక వారం ఉదయం, ఒక వారం సాయంత్రం పరిగెత్తి, ఇంటికొచ్చిన గంటకు ఇబ్బందికి సున్నా నుంచి పది మధ్య ఒక అంకె రాసుకోండి. ఏ యాప్‌కన్నా ఆ కాగితమే మీ వేళ చెబుతుంది.

ఒక మోస్తరు వాన గంటసేపు కురిసి వెలిసిన వెంటనే గాలి శుభ్రంగా ఉంటుంది. ఉరుములు, ఈదురుగాలితో వాన మొదలయ్యే ఘడియలు దీనికి పూర్తిగా వేరు. తేమకు పుప్పొడి గింజలు పగిలి ఊపిరితిత్తుల లోపలికి వెళ్లేంత సన్నని ముక్కలవుతాయి. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఇలాంటి గాలివానకు వేలమంది ఆస్పత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. ఆ నగరంలో ఉంటున్న తెలుగువాళ్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలివాన ఆస్తమా హెచ్చరికలు చూడకుండా బయట పరిగెత్తకూడదు. హైదరాబాద్‌లో ఏ అలర్జీ లేనివాళ్లకు కూడా కొత్త దేశంలో రెండు మూడేళ్లకు మొదలవడం మామూలే. అమెరికాలోని డల్లాస్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సెడార్ చెట్లు, ఆగస్టు మధ్య నుంచి రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క, కాలిఫోర్నియా బే ఏరియాలో వసంతంలో గడ్డి ఇబ్బంది పెడతాయి. స్ప్రే మొదలుపెట్టే తేదీని అక్కడి సీజన్‌కు మార్చుకోవాలి.

మాస్కు, ట్రెడ్‌మిల్, వేగం

గడ్డి పుప్పొడి గింజ 30-40 మైక్రాన్లుంటుంది. దాన్ని ఆపడానికి ఎన్95 అక్కర్లేదు, ముఖానికి అతికి కూర్చునే సర్జికల్ మాస్కు చాలు. చెమటకు తడిస్తే గాలి ఆడదు, కాబట్టి ఒకటి మార్చుకోవడానికి జేబులో ఉంచుకోండి. వేగంగా పరిగెత్తేవాళ్లు మాస్కును ఎలాగూ కిందికి లాగేస్తారు. అది నెమ్మది పరుగుకే పనికొస్తుంది. చుట్టూ మూసుకునే కళ్లద్దాలు మాత్రం ఏ వేగంలోనైనా మంచి పెట్టుబడి.

ట్రెడ్‌మిల్‌ను మొత్తానికి బదులుగా చూడక్కర్లేదు. పుప్పొడి ఉధృతంగా ఉన్న వారాల్లో ఇంటర్వెల్స్, టెంపో లాంటి గట్టి పరుగులు లోపల పెట్టుకుని, మాట్లాడుతూ పరిగెత్తగలిగే నెమ్మది పరుగులు బయట ఉంచుకోవడం సరైన పంపకం. పీల్చే గాలి తగ్గితే లోపలికి వెళ్లే పుప్పొడీ తగ్గుతుంది.

కానిస్టేబుల్, అగ్నివీర్ ఈవెంట్లకు 1600 మీటర్లు సాధన చేసే కుర్రవాళ్లకు ఈ వెసులుబాటు ఉండదు. ఊరి రోడ్డుకు రెండువైపులా వయ్యారిభామ, పక్కన కోతకొచ్చిన వరి. కోతల దుమ్ములో పుప్పొడికన్నా బూజు రేణువులే ఎక్కువ, నూర్పిడి జరుగుతున్న కళ్లం పక్కనుంచి పరుగు వద్దు. హైస్కూలు గ్రౌండు మేలు. ఈవెంటు రోజున కొత్త మాత్ర దేన్నీ మొదటిసారి వేసుకోవద్దు. కనీసం రెండు వారాల ముందు సాధనలోనే వేసుకుని మగత ఉందో లేదో చూసుకోవాలి.

ఇంటికొచ్చాక

బూట్లు గుమ్మం బయటే విప్పాలి, బట్టలు నేరుగా బకెట్లోకి, తలతో సహా స్నానం. జుట్టులో చిక్కిన పుప్పొడి దిండు మీదికి చేరి రాత్రంతా ముక్కు పట్టేస్తుంది. సీజన్‌లో పరుగు బట్టలు డాబా మీద ఆరేయొద్దు.

స్ప్రేకు తోడుగా ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం చవకైన, మంచి ఉపాయం. అయోడిన్ కలపని ఉప్పు మూడు చెంచాలు, వంటసోడా ఒక చెంచా కలిపి సీసాలో పెట్టుకోండి. ఆ పొడి ఒక టీ చెంచా 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో కలపాలి. మంట పుడితే పొడి తగ్గించండి. నీళ్లు తప్పనిసరిగా మూడు నిమిషాలు తెర్లించి చల్లార్చినవే కావాలి. కుళాయి నీళ్లు, ఆర్వో క్యాన్ నీళ్లు తాగడానికి బాగున్నా ముక్కులోకి పనికిరావు. వాటిలో ఉండగల అమీబా ముక్కు దారిన మెదడుకు పాకితే ప్రాణాంతకం. కడిగిన పది పదిహేను నిమిషాలకు స్ప్రే కొట్టుకోవాలి. ముందు స్ప్రే కొట్టి తర్వాత కడిగితే మందంతా సింకులోకి పోతుంది.

మెడ, కనురెప్పలు, మోచేతి మడతల్లో దురద పొక్కులు వచ్చి చర్మం మందమవుతుంటే అది వయ్యారిభామ చర్మానికి పడకపోవడం. తగిలిన ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది కాబట్టి కారణం తట్టదు. అలర్జీ మాత్రలకు లొంగదు. పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి, చర్మ వైద్యుణ్ణి కలవాలి.

ఇమ్యునోథెరపీ ఎవరికి

ఇమ్యునోథెరపీ అంటే పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా సూదితో ఇస్తూ ఒంటిని దానికి అలవాటు చేయడం. స్ప్రే సరిగ్గా, పూర్తి సీజన్ వాడినా నిద్ర, పని చెడుతూనే ఉంటే, దేనికి అలర్జీయో పరీక్షలో తేలితే అప్పుడు ఆలోచించాలి. ముంజేతి మీద చుక్కలు వేసి గీరే పరీక్షకు వారం ముందు అలర్జీ మాత్రలు ఆపాలి. స్టీరాయిడ్ ముక్కు స్ప్రే ఆపక్కర్లేదు, అజెలాస్టిన్ కలిసినదైతే ఎన్నాళ్ల ముందు ఆపాలో అడగండి. చికిత్స మూడు నుంచి ఐదేళ్లు. సూది వేసిన ప్రతిసారీ అరగంట క్లినిక్‌లోనే కూర్చోవాలి, రియాక్షన్ వస్తే చాలావరకు అప్పుడే వస్తుంది. సూది వేయించుకున్న రోజు పరుగు వద్దు. రక్తప్రసరణ పెరిగి మందు ఒక్కసారిగా ఒంటికి పాకి దద్దుర్లు, ఆయాసం తెప్పించవచ్చు. పరుగు వారానికి నాలుగు రోజులైతే సూదిని విశ్రాంతి రోజుకు పెట్టమని మొదట్లోనే డాక్టర్‌కు చెప్పండి. ఆస్తమా అదుపులో లేనివాళ్లకు ఈ సూదులు వేయరు. వాళ్లు ముందు ఇన్‌హేలర్‌తో ఛాతీని దారికి తెచ్చుకోవాలి.